తొంభై రోజుల అబద్ధం

బాతెల్, వాషింగ్టన్
1985 అక్టోబరు 6

విజయా,

మా అయ్య వచ్చి ఏడు వారాలైంది. నేను ఆసుపత్రి ల్యాబ్‌కి వెళ్ళాక ఆయనకు పొద్దు గడవదు. టీవీ పెడితే "ఆల మాటలు ఆలకే" అని ఆర్పేస్తాడు. అందుకని ఆగస్టు చివర్లో హార్డ్‌వేర్ షాపునుంచి నైలాన్ దారం ఉండలు తెచ్చిచ్చాను. బాల్కనీ రెయిలింగుకి కొస కట్టి, తనే చెక్కుకున్న చెక్కసూదితో నెల రోజుల్లో ఒక విసురు వల అల్లేశాడు. అంచుకి సీసం గుళ్ళు కూడా కట్టాడు. చేతికి పని దొరికిందని సంతోషించాను తప్ప, వల అన్నాక అది నీళ్ళలో పడుతుందన్న ఆలోచనే నాకు రాలేదు.

మా అపార్ట్‌మెంట్ల వెనక సమామిష్ అని చిన్న ఏరు ఉంది. ఈ రోజుల్లో అందులో సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదుతూ పోతాయి. చెయ్యి పొడుగు చేపలు. జనం వంతెన మీద ఆగి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. అయ్యకి అది వింతగా ఉంది. "ఇన్ని సేపలు ఒడ్డుకాడే పోతంటే ఒక్కడూ వల ఎయ్యడేటే? ఈ ఊరోల్లకి సేతులు నేవా?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఇక్కడ వల వెయ్యకూడదని చెప్పి ఉండాల్సింది. నిజానికి నాకూ తెలియదు.

మొన్న గురువారం నేను డ్యూటీలో ఉండగా రెండు పట్టాడు. కొత్త వలకి పడిన మొదటి చేప మా జాలరి పేటలో ఎవరూ సొంత ఇంట వండుకోరు. ఇరుగుపొరుగుకి పంచాలి. అయ్య ఆ రెండింటినీ కోసి, న్యూస్‌పేపర్లో చుట్టి, మా అంతస్తులో ఉన్న ఆరు గుమ్మాల ముందు ఆరు పొట్లాలు పెట్టి వచ్చాడు. మూడో నంబరులో ఉండే మిసెస్ గ్రీర్ అనే పెద్దావిడ పొట్లం విప్పి చూసి ఫిషరీస్ వాళ్ళకి ఫోన్ చేసింది.

నిన్న పొద్దున అయ్య మళ్ళీ ఏటికి వెళ్ళాడు. ఆఫీసరు వచ్చి వలా, అందులో ఉన్న చేపా పట్టుకుపోయాడు. ఒక కాగితం రాసి ఇచ్చాడు. నవంబరు ఏడున కోర్టుకు రావాలట.

కాగితం మీద మిస్‌డిమీనర్ అని ఉంది. నువ్వు లాయరుగారి ఆఫీసులో టైపు చేస్తున్నావు కదా. అది ఎంత పెద్ద నేరం? జైలు ఉంటుందా? జనవరి పద్నాలుగున నా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉందని నీకు తెలుసు. ఎప్పుడైనా మీ మీద కేసు పెట్టారా అని ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది.

ఫోన్ మాత్రం చెయ్యకు. ఇంట్లో అయ్య వింటాడు, ల్యాబ్‌లో అందరూ వింటారు. ఉత్తరమే రాయి.

రత్నం


అరోరా, ఇల్లినాయ్
అక్టోబరు 12

ఒసే రత్నం,

నీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. "ఆరు గుమ్మాల ముందు చేప పొట్లాలా? ఆయన్ని మన బిల్డింగుకి పంపించమను, మనం ఎవ్వరికీ ఫోన్ చెయ్యం" అన్నాడు కృష్ణమోహన్. నువ్వు అక్కడ గుండె గుప్పెట్లో పెట్టుకుని కూర్చుంటే మేమిక్కడ నవ్వుకున్నాం. ఏమీ అనుకోకు.

నేను రోజూ టైపు చేసేవి ఈ కాగితాలే కాబట్టి విను. పెద్ద నేరాలను ఫెలనీ అంటారు. వాటికి రాష్ట్రం జైలు. వాటి కింద ఉండే చిన్న నేరాలు మిస్‌డిమీనర్లు. వీటికి మహా అయితే కౌంటీ జైలు. వీటిల్లో మళ్ళీ ఏ, బీ, సీ అని మూడు క్లాసులు. ఏ అయితే ఏడాదికి లోపు, బీ అయితే ఆరు నెలలు, సీ అయితే ముప్ఫై రోజులు. అదంతా పై హద్దు. అంత దాకా వెయ్యొచ్చని, వేస్తారని కాదు. మొదటిసారి వచ్చినవాళ్ళని మా జడ్జీలు చాలావరకు సూపర్‌విజన్ మీద వదిలేస్తారు. చెప్పినన్నాళ్ళు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు. మీ నాన్నగారిది బీ క్లాసు అయి ఉంటుంది. పెద్దాయన, ఊరు కొత్త, ఇంగ్లీషు రాదు. తప్పయిందంటే ఫైన్ వేసి పంపించేస్తారు. నీ ఇంటర్వ్యూకీ దానికీ సంబంధమే లేదు. కేసు ఆయన మీద కదా.

ఒక్క మాట. అన్నిటికీ అడ్డం పడే జబ్బు నీకుంది. ఇది ఆయన కేసు. ఆయన్నే నిలబడనీ. నువ్వు పక్కన ఉండు, చాలు.

ఆ కాగితం జిరాక్స్ తీసి పంపు. ఏ క్లాసో చూసి చెప్తాను.

విజయ


బాతెల్
అక్టోబరు 20

విజయా,

జిరాక్స్ పంపడం లేదు. ఎందుకో చెప్తాను. ముందు నీ క్లాసుల సంగతి.

ఇక్కడ ఏ, బీ, సీలు లేవు. రెండు రోజులు లంచ్ మానేసి లైబ్రరీలో ఈ రాష్ట్రం చట్టాల పుస్తకాల ముందు కూర్చున్నాను. ఇక్కడ రెండే అరలు. పై అరలో ఉన్నవి గ్రాస్ మిస్‌డిమీనర్లు. ఏడాది దాకా జైలు, ఐదు వేల డాలర్ల దాకా జరిమానా. కింది అరలో ఉత్త మిస్‌డిమీనర్లు. తొంభై రోజులు, వెయ్యి డాలర్లు. నువ్వు చెప్పిన ఆరు నెలలు, ముప్ఫై రోజులు ఎక్కడా కనిపించలేదు. పేజీలు అతుక్కుపోయాయేమోనని వేళ్ళతో విడదీసి కూడా చూశాను. చివరికి లైబ్రేరియన్ని అడిగితే, "అది ఇల్లినాయ్ చట్టమమ్మా. ఇది వాషింగ్టన్" అంది. రాష్ట్రం మారితే నేరం కొలత కూడా మారుతుందని నాకిప్పటిదాకా తెలియదు.

మా చేప పై అరలో ఉంది.

ఇక జిరాక్స్ సంగతి. నువ్వు చూస్తే పేరు చూస్తావు. ఆ కాగితం మీద ఉన్నది అయ్య పేరు కాదు. నాది.

ఆ శనివారం ఏడున్నరకి నాకు డ్యూటీ. అయ్య గదిలో లేడు. బాల్కనీలో వల లేదు. తెల్ల కోటు చేతిలో పట్టుకుని ఏటికి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి అయ్య నీళ్ళలోంచి ఒడ్డు ఎక్కుతున్నాడు. తొడలదాకా తడిసి ఉన్నాడు. వలలో చేప కొట్టుకుంటోంది. నన్ను చూసి, "రత్తం, సూడే, ఎంతున్నాదో!" అన్నాడు. పదిహేనేళ్ళయి ఉంటుంది, ఆ గొంతు నేను విని. అప్పుడే వెనకనుంచి ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు. ఇస్త్రీ యూనిఫారం. "ఈ వల ఎవరిది? ఇది ఏడాది దాకా జైలు పడే నేరమని మీకు తెలుసా?" అన్నాడు.

జైలు అన్న మాటకి నా చెవులు మూసుకుపోయాయి. అరవై రెండేళ్ళ మనిషి, మాట తెలియని దేశంలో జైలు. ఇక వీసా మళ్ళీ ఇవ్వరు. ఇవన్నీ అప్పుడే అనుకున్నానో, తరవాత అనుకున్నానో చెప్పలేను. నోరు మాత్రం ముందే అనేసింది. "వల నాది. చేపలు పట్టింది నేనే. ఈయన నాతో వచ్చారు, అంతే."

ఆఫీసరు నా బూట్లు చూశాడు. పొడిగా ఉన్నాయి. అయ్య ప్యాంటు చూశాడు. నీళ్ళు కారుతున్నాయి. చాలాసేపు చూశాడు. "మేడమ్, మళ్ళీ అడుగుతున్నాను" అన్నాడు. మళ్ళీ అదే చెప్పాను. గుర్తింపు కార్డు అడిగి నా పేరు రాసుకున్నాడు.

అయ్యకి ఏమీ తెలియదు. రూలు తెలియక వేశామని వల తీసుకున్నారు, జరిమానా కట్టాలి అని చెప్పాను. తిట్టు, కానీ ఏం చెయ్యాలో చెప్పు.

రత్నం


అరోరా
అక్టోబరు 27

రత్నం,

తిట్టమన్నావు కాబట్టి తిట్టను. నీకు అదే సుఖం.

పేర్లు చెప్పకుండా మా లాయరుగారిని అడిగాను. ఆయన పెన్సిలు కింద పెట్టి, "ఆ అమ్మాయి చేసిన నేరం చేప పట్టడం కాదు, అధికారికి అబద్ధం చెప్పడం" అన్నారు. చాలా రాష్ట్రాల్లో అదీ మిస్‌డిమీనరేనట. సిటిజన్‌షిప్ వాళ్ళు చూసేది మనిషి నడవడిక. చేప కేసు చూస్తే, తెలియక చేసింది పాపం అంటారు. అబద్ధం కేసు చూస్తే ఆ మాట అనరు. మంచి లాయరుని చూసుకో. నిజం లాయరుకి చెప్పు, తరవాత ఏం చెయ్యాలో లాయరే చెప్తారు. చెప్పకుండా కోర్టులో అడుగు పెట్టకు.

నీకు గుర్తుందో లేదో. వాల్తేరు హాస్టల్లో నేను దొంగతనంగా గేటు తీసుకుని సెకండ్ షోకి వెళ్ళిన వారం, వార్డెన్ అడిగితే నువ్వు లేచి "గేటు తీసింది నేనే" అన్నావు. పది రోజులు మెస్ ఆపేశారు నీకు. బన్నులు తిని పరీక్షలు రాశావు. నేను నీ పక్కనే కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. నువ్వు ఎంత మంచిదానివో అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. అదేమీ మంచితనం కాదని ఇప్పుడు అనిపిస్తోంది. అవతలివాళ్ళు తమ తప్పుకి తాము నిలబడగలరన్న నమ్మకం నీకు లేదు. నాకు నిలబడే అవకాశమే ఇవ్వలేదు నువ్వు. ఇప్పుడు మీ నాన్నకీ ఇవ్వడం లేదు.

చెప్పు ఆయనకి.

విజయ


బాతెల్
నవంబరు 10

విజయా,

ఏడో తారీఖు అయింది. లాయరు దొరికింది. మిస్ హార్ట్‌లీ అని, నా వయసే ఉంటుంది. ఆవిడ చెప్పినట్టు నాట్ గిల్టీ అన్నాను. విచారణ డిసెంబరు పన్నెండున.

బయటికి వచ్చాక ప్రాసిక్యూటరు ఒక దారి చూపించాడు. నేరం ఒప్పుకుంటే శిక్ష ఏడాది పాటు వాయిదా వేస్తారు. ఆ ఏడాదిలో ఇంకే గొడవా లేకపోతే ఒప్పుకోలు వెనక్కి తీసుకోనిచ్చి కేసు కొట్టేస్తారు. మీ సూపర్‌విజన్ లాంటిదే. నాకు ఊపిరి వచ్చింది.

అప్పుడు మిస్ హార్ట్‌లీ నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి ఒక కాగితం చూపించింది. మిసెస్ గ్రీర్ ఇచ్చిన స్టేట్‌మెంటు. గురువారం కిటికీలోంచి చూశాను, ఒక ముసలాయన వల విసురుతున్నాడు, చాలా నేర్పుగా విసురుతున్నాడు అని ఉంది అందులో. నిజంగా నేర్పుగా అనే రాసింది.

"గురువారం పొద్దున మీరు ఎక్కడున్నారు?" అని అడిగింది.

నేను ఆ కాగితం మడిచి వెనక్కిచ్చాను.

"ల్యాబ్‌లో ఉంటే టైమ్‌కార్డు ఉంటుంది. ప్రాసిక్యూటరు ఇంకా ఆ సంగతి ఆలోచించలేదు. నేను ఆలోచించాను. నేరం ఒప్పుకునేటప్పుడు, ఏం చేశారో మీ మాటల్లో చెప్పమని జడ్జి అడుగుతారు. ఏం చెప్తారు?"

"చేపలు పట్టానని."

"తెలిసి తెలిసి మీచేత అబద్ధం చెప్పించలేను. వచ్చేవారంలోగా నాకు జవాబు కావాలి" అంది.

ఇదీ నా పరిస్థితి. నేను పట్టానంటే ఏడాది జైలు దాకా ఉన్న నేరం, కానీ కేసు ఎగిరిపోయే దారి ఉంది. పట్టలేదంటే తొంభై రోజుల నేరం, చిన్నదే, కానీ దాని పేరు అబద్ధం. పైగా ఆ క్షణంలోనే అయ్య నేరస్తుడవుతాడు. ఏ పుస్తకంలోనూ దీనికి లెక్క లేదు.

మిస్ హార్ట్‌లీ దగ్గర ఒప్పుకోను. లాయరుని మార్చి ప్రాసిక్యూటరు చెప్పిన దారికి పోదామనుకుంటున్నాను. అయ్య రోజూ "నా వలెప్పుడిత్తారు?" అని అడుగుతున్నాడు. ఇవ్వరేమో అంటే మళ్ళీ దారం తెమ్మంటున్నాడు. ఆ ముఖం చూసి నేనెలా చెప్పను? నువ్వు ఎవరికీ చెప్పకు. ఇది నా మీద ఒట్టు.

రత్నం


అరోరా
నవంబరు 17

రత్నం,

నీ ఒట్టు తప్పాను.

నిన్న ఒక క్యాసెట్టు పోస్టులో వేశాను. దాని మీద మీ నాన్నగారి పేరే రాశాను. ఆయన చదవలేరు, వినగలరు కదా. అందులో అంతా ఉంది. వల, ఆఫీసరు, నీ పేరు మీద కాగితం, పన్నెండో తారీఖు, రెండు శిక్షలు, ఇంటర్వ్యూ. టేప్ రికార్డర్లో ఏ మీట నొక్కాలో ఎలాగూ ఆయనకి నువ్వే నేర్పి ఉంటావు.

మూడుసార్లు రికార్డు చేసి చెరిపాను. నాలుగోసారి చేసింది పంపించేశాను. ఇది చదివేసరికి ఆయన వినే ఉంటారు. నాతో మాట్లాడకపోతే మానెయ్. కానీ లాయరుని మార్చకు.

విజయ


బాతెల్
నవంబరు 26

విజయశ్రీకి,

క్యాసెట్టు అందింది. నీకు ఆ హక్కు ఎవరిచ్చారు? మా అయ్యకి ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నాకు తెలియదా? నువ్వు పుట్టినప్పటినుంచి మీ ఇంట్లో గుమాస్తాలూ ప్లీడర్లూ. కోర్టు కాగితం వస్తే మీ నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదువుకునేవాడు. మా ఇంటికి ఏ కాగితం వచ్చినా చదవాల్సింది నేనే. ఏడేళ్ళ వయసు నుంచి నేనే. అందులో ఉన్నదాంట్లో ఎంత చెప్పాలో నిర్ణయించింది కూడా నేనే. అప్పిచ్చిన సొసైటీ వాళ్ళు పడవ జప్తు చేస్తామని రాస్తే, ఇంకో నెల గడువిచ్చారని చదివాను. అమ్మ నిద్రపోవాలని. అలా పెరిగాను. నీకు ఇది అర్థం కాదు.

రాయకూడదనుకున్నాను. కానీ రాయకుండా ఉండలేను. ఇంకెవరికి చెప్పను?

నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి అయ్య టేప్ రికార్డరు ముందు కింద కూర్చుని ఉన్నాడు. మూడుసార్లు విన్నానన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వండింది తిన్నాడు, గిన్నె కడిగాడు, పడుకున్నాడు. మూడో రోజు నేను కోటు వేసుకుంటుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నా వల నాది కాదన్నావంట."

"జైలన్నాడయ్యా ఆయన."

"జైలుకి బయపడి అన్నావా, నన్ను సూసి సిగ్గేసి అన్నావా?"

"అదేం మాట?"

"ఆ దొర నన్ను సూసినాడు, నిన్ను సూసినాడు. అప్పుడు నువ్వేటి సేసినావో తెలుసా? నాకూ ఆడికీ మద్దెన నిలబడిపోనావు. నన్ను దాసేసినావు. సిన్నప్పుడు ఇస్కూల్లో మీ అయ్య ఏటి సేత్తాడంటే యాపారం అన్నావంట. పంతులు నాతో సెప్పి నవ్వినాడు. నాను నవ్వినాను. గుంట సదువుతోంది, సదవనీ అనుకున్నాను. ఇప్పుడు నవ్వు రాటం నేదే."

నేను లేదన్నాను. గట్టిగా లేదన్నాను. బస్సులో కూర్చున్నాక ఆ ఉదయం మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది. తడిసిన ముసలాయన, చిరిగిన నా పాత రెయిన్‌కోటు, కాళ్ళకి చెప్పులు లేవు, చేతిలో చేప. ఆయన పేరు ఆ కాగితం మీద, ఆ చేప పక్కన ఉండకూడదని నాకు అనిపించింది. జైలన్న మాట దాని తరవాత వచ్చిందో, ముందు వచ్చిందో, దేవుడికే తెలియాలి. నాకు తెలిస్తే ఈ ఉత్తరంలో రాసేదాన్ని.

సాయంత్రం వెళ్ళేసరికి ఆయన మంచి చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "నీ లాయరమ్మ కాడికి తీసుకెల్లు. నాను ఏసిన వలకి నా పేరే ఉండాల" అన్నాడు.

రేపు వెళ్తున్నాం. నీ మీద కోపం పోలేదు.

రత్నం


అరోరా
డిసెంబరు 2

రత్నం,

నీ కోపం నాకు న్యాయంగానే అనిపించింది. మా ఇంట్లో కాగితాలు చదివేవాళ్ళు ఉండేవారు, నిజమే. అది నేనెప్పుడూ ఆలోచించలేదు.

అయినా క్షమించమని అడగను. మళ్ళీ పంపమన్నా పంపుతాను.

ఆయన కేసు, నీ కేసు ఇప్పుడు ఒకదానికొకటి అడ్డం. ఆయనకి వేరే లాయరు కావాలని కోర్టుని అడగండి. నువ్వు ఆయన మాటలు తర్జుమా చెయ్యడానికి ఒప్పుకోకు, కోర్టూ ఒప్పుకోదు. తెలుగు వచ్చిన పెద్దమనిషిని ఎవరినైనా చూసుకోండి. ఏమైందో అదే రోజు రాయి.

విజయ


బాతెల్
డిసెంబరు 15

విజయా,

అదే రోజు రాయమన్నావు. మూడు రోజులు పట్టింది.

బెల్‌వ్యూలో ఆదిశేషుగారని ఒక ఇంజనీరు ఉన్నారు. తెలుగు సంఘం వాళ్ళు ఆయన నంబరు ఇచ్చారు. సూటు వేసుకుని, విభూతి పెట్టుకుని అరగంట ముందే వచ్చారు. వరండాలో అయ్య పక్కన కూర్చుని, "మీ మాట నాకు కొంత కొత్తండీ. అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను, విసుక్కోకండి" అన్నారు. "అడగండి బాబూ. నాను యాడికీ పోను, ఆల్లు పోనియ్యరు" అన్నాడు అయ్య. ఆదిశేషుగారు నవ్వాపుకోలేకపోయారు. నేను గడియారం చూసుకుంటుంటే వీళ్ళిద్దరూ నవ్వుకుంటున్నారు.

మిస్ హార్ట్‌లీ, అయ్యకి కోర్టు ఇచ్చిన లాయరు, ప్రాసిక్యూటరు ముందే మాట్లాడుకున్నారు. నా మీద చేప కేసు తీసేస్తారు. అయ్య మీద పెడతారు. నా మీద అధికారికి అబద్ధం చెప్పిన కేసు పెడతారు. అది తప్పదు అన్నాడు ప్రాసిక్యూటరు. ఏం శిక్ష వెయ్యాలన్నది మాత్రం జడ్జిగారి ఇష్టం.

అయ్యని ముందు పిలిచారు. ఏం జరిగిందో చెప్పమన్నారు జడ్జిగారు. అయ్య చేతులు కట్టుకోలేదు. వల పట్టుకున్నవాడిలా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"నాను సేపలు పట్టినాను. నా కూతురు పట్టనేదు. దానికి వల ఎయ్యడం రాదు. సదువుకుంది."

ఆదిశేషుగారు ఇంగ్లీషులో చెప్పగానే వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు.

"పట్టకూడదని మీకు తెలుసా?"

"రూలు తెలీదు బాబూ. కానీ మొదటి సేప కోసినప్పుడు కడుపు నిండా గుడ్లున్నాయి. అప్పుడు తెలిసింది, ఇవి తిండికి పోటం నేదు, పిల్లల్ని పెట్టడానికి పోతన్నాయని. అది తెలిసినాక కూడా రెండోసారి ఎల్లినాను. సెయ్యి ఆగనేదు."

ఆదిశేషుగారు వెంటనే తర్జుమా చెయ్యలేదు. అయ్య వైపు వంగి, మెల్లిగా, "ఆ చివరి మాట చెప్పమంటారా? అడగలేదు కదా వాళ్ళు" అన్నారు.

"సెప్పండి. సెప్పడానికే కదా వచ్చినారు."

చెప్పారు. అయ్య లాయరు కళ్ళు మూసుకున్నాడు. జడ్జిగారు చాలాసేపు ఏదో రాశారు. నేను బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఏడాది అన్న మాట ఆయన నోటినుంచి వస్తుందని ఎదురుచూశాను. ముప్ఫై రోజుల జైలు అన్నారు. నా పక్కన ఎవరో ఊపిరి పీల్చినట్టు వినిపించింది. అది నేనే. ముప్ఫై రోజులూ నిలిపివేస్తున్నాను అన్నారు ఆ తరవాత. ఏడాదిలో మళ్ళీ ఇలాంటిది జరిగితే తప్ప జైలు లేదు. జరిమానా ఉంది. వల తిరిగి ఇవ్వరు.

తరవాత నేను. ఏం చేశానో నా మాటల్లో చెప్పమన్నారు. రాసుకుని వెళ్ళాను. కాగితం తియ్యలేదు. "మా నాన్న పట్టిన చేపని నేను పట్టానని ఆఫీసరుకి చెప్పాను. రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అదే చెప్పాను" అన్నాను.

"ఎందుకు?"

"మా నాన్నకేమవుతుందోనని భయపడి. కొంత, ఆయన్ని చూసి సిగ్గుపడి."

ఈ రెండో మాట మిస్ హార్ట్‌లీకి కూడా నేను చెప్పలేదు. అయ్యకి ఇంగ్లీషు రాదు కదా అనుకున్నాను. ఆదిశేషుగారు ఆయన చెవిలో చెప్తూనే ఉన్నారు.

జడ్జిగారు, "చట్టం మీ నాన్నగారి నేరాన్ని పై మెట్టు మీద, మీ నేరాన్ని కింది మెట్టు మీద పెట్టింది. నాకైతే మీదే ఎక్కువ అనిపిస్తోంది. మళ్ళీ అడిగే అవకాశం ఇచ్చినా మీరు నిజం చెప్పలేదు" అన్నారు. శిక్ష ఏడాది వాయిదా వేశారు. ఏడాది సరిగ్గా ఉంటే కొట్టేస్తారు. కానీ అంతవరకు అది నా పేరు మీదే ఉంటుంది.

ఆదిశేషుగారు మమ్మల్ని తన కారులో తీసుకొచ్చారు. ఇంటి దగ్గర దిగాక అయ్య, "సిగ్గు సంగతి ఒప్పుకున్నావు. మంచిదే" అన్నాడు. అంతే. కోపంగా అన్నాడో, మరోలా అన్నాడో నాకు తెలియలేదు.

నీ మీద కోపం పోయిందని రాయాలని ఉంది. ఇంకా కొంచెం ఉంది.

రత్నం


బాతెల్
1986 జనవరి 15

విజయా,

నిన్న ఇంటర్వ్యూ అయింది.

ఫారంలో ఆ ప్రశ్న దగ్గర అవును అని రాసి, కోర్టు కాగితాలు జత చేశాను. మిస్ హార్ట్‌లీ, "అడిగినదానికే జవాబు చెప్పండి, ఎక్కువ చెప్పకండి" అని నేర్పించింది. అయ్య తోడు వస్తానన్నాడు. సియాటిల్ ఆఫీసు వరండాలో కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాను.

ఆఫీసరు నడివయసు మనిషి. చెయ్యెత్తించి ప్రమాణం చేయించాడు. రాజ్యాంగం గురించి, సెనేట్ గురించి అడిగాడు. అవన్నీ నాకు వచ్చు. తరవాత కోర్టు కాగితాలు తీశాడు. రెండుసార్లు చదివాడు.

"చేపలకేనా ఇదంతా?" అన్నాడు.

"అబద్ధానికి సర్."

కళ్ళజోడు తీసి నావైపు చూశాడు. "ఒకటి అడుగుతాను. రేపు మళ్ళీ మీ నాన్నగారు అలాగే ఒడ్డు మీద నిలబడి ఉన్నారనుకోండి. మళ్ళీ ఒక ఆఫీసరు వచ్చి అదే అడిగాడు. మళ్ళీ అదే చెప్తారా?"

దీనికి జవాబు మిస్ హార్ట్‌లీ నాతో నాలుగుసార్లు చెప్పించింది. లేదు సర్, నాకు బుద్ధి వచ్చింది అనాలి. ఆ మాట నాలుక చివర ఉంది. అది అంటే ఫైలు కదులుతుంది. అనకపోతే ఏమవుతుందో తెలియదు. అయ్య వచ్చే నెల పదిన వెళ్ళిపోతున్నాడు. ఆయనకి మళ్ళీ వీసా ఇస్తారో లేదో కాన్సులేటు వాళ్ళ చేతిలో ఉంది. నేను సిటిజన్‌నైతే ఆయన్ని నేనే పిలిపించుకోవచ్చు, నా చేతిలో ఉన్నది ఈ ఒక్క కాగితమే. కానీ అప్పుడే కదా విజయా చెయ్యెత్తి ప్రమాణం చేశాను?

"చెప్పకూడదని అనుకుంటున్నాను సర్. కానీ ఆ క్షణం వస్తే ఏం చేస్తానో నాకు తెలియదు" అన్నాను.

ఆయన ఏదో రాశాడు. రెండు లైన్లు. తలకిందులుగా ఉన్నా చదవడానికి ప్రయత్నించాను. చదవలేకపోయాను. "కోర్టు గడువు అయ్యేదాకా నిర్ణయం ఆపుతున్నాను. వచ్చే జనవరిలో, కేసు కొట్టేసిన కాగితం పట్టుకుని రండి. అప్పుడు చూద్దాం" అని ఫైలు మూసేశాడు. ఇస్తానని అనలేదు. ఇవ్వనని అనలేదు.

బయటికి వచ్చాను. అయ్య మంచి చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, వచ్చేపోయే వాళ్ళని చూస్తూ కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏటన్నాడు?"

"ఏడాది ఆగమన్నాడు."

"ఏటడిగినాడు?"

"మల్లీ అలగే సెప్తావా అనడిగినాడయ్యా."

"నువ్వేటన్నావు?"

"తెలీదన్నాను."

అయ్య తల ఊపాడు. ఇద్దరం మెట్లు దిగి బస్ స్టాపుకి నడిచాం.

రత్నం